ఇంటికి తాళం వేస్తే ఏడ్చే కుక్క: దత్తత తెచ్చుకున్న కుక్కలో ఎడబాటు ఆందోళనను తగ్గించే పద్ధతి

హన్మకొండలో మా వీధి చివరి ఇంట్లో అద్దెకున్నవారు ఖాళీ చేసి వెళ్తూ తమ కుక్కను గేటు బయటే వదిలేసి పోయారు. రెండేళ్ల వయసున్న ఆ దేశవాళీ ఆడకుక్క వారం రోజులు అదే గేటు ముందు పడుకున్న తర్వాత మేము దాన్ని తెచ్చుకుని, బతుకమ్మ రోజులు కావడంతో బంతి అని పేరు పెట్టుకున్నాము. దసరా సెలవుల్లో ఇంటినిండా మనుషులు ఉన్నందున ఏ ఇబ్బందీ కనిపించలేదు. సెలవులు ముగిసి నేను కళాశాలకు, మా వారు కాజీపేటలో రైల్వే డ్యూటీకి, పిల్లలు బడికి వెళ్లిన మొదటి రోజు సాయంత్రం పక్కింటి ఆవిడ గోడ మీదుగా పిలిచి, "ఏం వదినా, మీరు పొయ్యినకాన్నుంచి మీ కుక్క ఒక్కతీరుగ ఏడుస్తనే ఉన్నది" అని చెప్పింది. లోపలికి వెళ్లి చూస్తే దర్వాజ కింది అంచు కొరికి ఉంది, నేల మీద చొంగ మడుగు కట్టింది, ముందు కాళ్ల గోళ్ల దగ్గర రక్తం ఉంది, పొద్దున పెట్టిన అన్నం ముట్టకుండా అలాగే ఉంది.

దీన్ని పశువైద్యులు సెపరేషన్ యాంగ్జైటీ అంటారు. ఎడబాటు ఆందోళన అని చెప్పుకోవచ్చు. ఇది అల్లరి కాదు, మొండితనం కాదు, మన మీద పగ అసలే కాదు. ఒంటరిగా మిగిలినప్పుడు కుక్కకు పుట్టే భయం. ఇల్లు మారిన కుక్కల్లో, ముఖ్యంగా ఒకసారి వదిలివేతకు గురైన వాటిలో ఇది తరచుగా కనిపిస్తుంది. "నాలుగు రోజులు ఏడిస్తే అదే అలవాటు పడుతుంది" అని మాకు సలహా ఇచ్చినవారు చాలామంది; మేమూ నమ్మి ఒక వారం అలాగే తాళం వేసి వెళ్లాము. ఆ వారం తర్వాత బంతి మేము చెప్పులు వేసుకుంటేనే వణకడం మొదలుపెట్టింది. భయపడుతున్న కుక్కను భయంలోనే వదిలేస్తే అది అలవాటు పడదు. ప్రతిరోజూ ఆ భయాన్నే మళ్లీ నేర్చుకుంటుంది. కుక్క భయపడటం మొదలుపెట్టేలోపే మనం తిరిగి రావడం, అలా వచ్చే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం, ఈ మార్గదర్శిలోని పద్ధతంతా దాని మీదే నిలబడి ఉంది.

మొదటి పని: కెమెరాతో చూడండి

మనం లేనప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించి నిర్ణయానికి రావద్దు. పక్కనపెట్టిన పాత ఫోను ఒకటి ఉంటే చాలు. దాని నుంచి మీ ఫోనుకు వీడియో కాల్ కలిపి, గుమ్మం కనిపించేలా అల్మారా మీద ఆనించి, మీ వైపు మైకు ఆపేసి బయటికి వెళ్లండి. మీ గొంతు ఫోనులో వినిపిస్తే కుక్క మరింత తికమకపడుతుంది కాబట్టి మైకు ఆపడం మరచిపోకూడదు. వైఫై కెమెరా వాడేవారు కరెంటు పోతే అది కూడా ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి. మా పేటలో ఎండాకాలపు కోతలు తెలిసినవే కనుక మేము మొబైల్ డేటాతోనే నడిపాము.

ఈ పరీక్షను ఒక్కసారే చేయండి, కుక్క బెదిరినట్లు కనిపించగానే ఆపి లోపలికి వచ్చేయండి. ఎడబాటు ఆందోళన ఉన్న కుక్క సాధారణంగా మనం వెళ్లిన అరగంటలోపే, చాలాసార్లు మొదటి కొద్ది నిమిషాల్లోనే బయటపడుతుంది. గుమ్మానికీ కిటికీకీ మధ్య ఆగకుండా తిరగడం, గుమ్మం దగ్గర గోకడం, చల్లటి పూట కూడా నాలుక బయటపెట్టి రొప్పడం, చొంగ కార్చడం, మెడ పైకెత్తి ఊళ పెట్టడం, ఎంతో ఇష్టమైన కోడిమాంసం ముక్కను కూడా ముట్టకపోవడం, నేర్చుకున్న చోట కాకుండా ఇంట్లోనే మూత్రం, మలం విడవడం దీని గుర్తులు. నష్టం ఎక్కడ జరిగిందో కూడా చూడండి. తలుపు, కిటికీ, గేటు వంటి బయటికి పోయే దారుల చుట్టూ కొరికి ఉంటే అది భయం. చెప్పులు, దిండు, చెత్తబుట్ట చిందరవందర చేసి ఆపై హాయిగా పడుకుని ఉంటే అది విసుగు కావచ్చు, దానికి నడక, ఆట పెంచితే సరిపోతుంది. మా ఊళ్లో మరొకటి ఉంది: కోతులు. మిద్దె మీదికి కోతుల గుంపు వచ్చినప్పుడు మాత్రమే మొరిగి, అవి పోగానే ఊరుకునే కుక్కకు ఎడబాటు ఆందోళన లేదు. పిల్లకుక్క అయితే మూత్రం ఆపుకోవడం ఇంకా నేర్చుకుని ఉండకపోవచ్చు.

ఉమ్మడి కుటుంబాల్లో ఇంకొక ప్రశ్నకు కూడా జవాబు తెలుసుకోవాలి. కుక్కకు ఒంటరితనమే భయమా, లేక ఒకే మనిషి దూరం కావడం భయమా? మీరు బయటికి వెళ్లి, అత్తమ్మో నానమ్మో ఇంట్లో ఉన్నప్పుడు కుక్క ప్రశాంతంగా ఉంటే పని సగం తేలిక, ఎందుకంటే సాధన సాగే కాలంలో దానికి తోడు దొరికినట్లే. ఒక్క మనిషి కోసమే అల్లాడేదైతే మాత్రం అన్నం పెట్టడం, నడిపించడం, పక్కన కూర్చోవడం వంటి పనులను ముందుగా ఇంట్లోని మిగతావారికి కూడా పంచాలి.

రెండవ పని: పశువైద్యుడి దగ్గరికి

ఇంట్లో మూత్రం పోస్తున్న కుక్కకు మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. ఉన్నట్టుండి మనిషిని అంటిపెట్టుకుని ఉండే కుక్కకు ఎక్కడో నొప్పి ఉండవచ్చు. ముసలి కుక్క అయితే వయసుతో వచ్చే మతిమరుపు వల్ల రాత్రుళ్లు తిరుగుతూ ఏడవవచ్చు. వీధి నుంచి వచ్చిన కుక్కల్లో పిడుదుల ద్వారా సోకే ఎర్లిఖియా, బెబీసియా వంటి జ్వరాలు మన దగ్గర సాధారణం; జ్వరం, నీరసం, తిండి మానేయడం ఉంటే రక్తపరీక్ష తప్పనిసరి. వరంగల్ దగ్గర మామునూరులోనూ, జగిత్యాల జిల్లా కోరుట్లలోనూ పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా మీరు తీసిన వీడియోను తప్పక చూపించండి, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద మీ పక్కనే నిలబడ్డ కుక్కలో ఈ సమస్య వైద్యుడికి కనిపించదు. రేబిస్ టీకా, నట్టల మందు కూడా అదే రోజు చూసుకోవచ్చు.

మూడవ పని: ఒంటరిగా వదలడాన్ని ఆపడం

అన్నింటికంటే కష్టమైన మెట్టు ఇదే, చాలామంది వదిలేసేది కూడా దీన్నే. పొద్దున పది నిమిషాలు ఓపికగా సాధన చేయించి, ఆ వెంటనే ఎనిమిది గంటలు తాళం వేసి వెళ్తే, ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నది మిగలదు. సాధన సాగినన్ని రోజులూ కుక్క తట్టుకోగలిగినంత సేపటికి మించి ఒంటరిగా ఉండకుండా ఏర్పాటు చేసుకోవాలి.

ఇది అసాధ్యమని మొదట మాకూ అనిపించింది. ఒక కాగితం మీద వారంలోని ఏడు రోజులనూ గంటల వారీగా గీసి చూసినప్పుడు నిజానికి ఖాళీగా ఉన్నవి పందొమ్మిది గంటలే అని తేలింది. మా వారి షిఫ్టులు మారుతుండటం వల్ల వారంలో మూడు పగళ్లు ఆయన ఇంట్లోనే ఉంటారు. మా అత్తమ్మ రెండు పూటలు వచ్చి కూర్చోవడానికి ఒప్పుకున్నారు. మిగిలిన గంటల కోసం మా కళాశాలలో చదివే ఒక విద్యార్థిని మా ఇంట్లో కూర్చుని చదువుకుంటానంది. ఆమెకు నెలకు కొంత డబ్బు, మధ్యాహ్న భోజనం ఇచ్చాము. మీకు దుకాణం ఉంటే అక్కడికే తీసుకెళ్లవచ్చు, ఇంటి నుంచే పనిచేసే పొరుగువారు ఉంటే అడగవచ్చు, పదవీ విరమణ చేసిన పెద్దమనిషి ఎవరైనా పేటలో ఉంటే ఆయనకూ కాలక్షేపం అవుతుంది. కారులో కూర్చోబెట్టి తీసుకెళ్లి, పని ముగిసేదాకా అందులోనే వదిలేయడం మాత్రం ఎన్నటికీ చేయవద్దు. ఎండలో అద్దాలు కొద్దిగా దించి నిలిపిన కారు కూడా నిమిషాల్లో కొలిమిలా మారి కుక్క ప్రాణం తీస్తుంది.

ఇక్కడే పెద్దల విషయం కూడా చెప్పాలి. కుక్క ఇంట్లోకి రావడం మా అత్తమ్మకు ఇష్టం లేదు. దేవుని గది వైపు రానివ్వమని మాట ఇచ్చి, ముందు గదిలో ఒక గోనెపట్టా పరిచి, అదే దాని చోటు అని నిర్ణయించాక ఆమె సర్దుకున్నారు. మీ ఇంట్లో కుక్క వాకిట్లోనే ఉండాలంటే అక్కడ కూడా ఈ సాధన పనికొస్తుంది, కానీ మనుషులు లోపల, కుక్క బయట ఉన్నప్పుడే అది ఏడుస్తుంటే, ఆ మూసిన తలుపు దగ్గరి నుంచే సాధన మొదలుపెట్టాలి.

చేయకూడనివి

ఇంటికి వచ్చి చూసి కొట్టడం, ముక్కును మూత్రంలో అద్దడం వల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే: మనుషులు వెళ్లడమూ భయమే, తిరిగి రావడమూ భయమే. "తప్పు చేశానని దానికి తెలుసు, ముఖం చూడండి" అనేవారు ఉన్నారు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 14 కుక్కలతో చేసిన ప్రయోగంలో, తల వంచి చూపు తిప్పుకునే ఆ ముఖం యజమాని గద్దింపుకు స్పందనగా వస్తుందే తప్ప, కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదని తేలింది.

గొలుసుతో కట్టేయడం, బోనులో పెట్టి తాళం వేయడం వల్ల తలుపు మిగులుతుందేమో గానీ భయం రెట్టింపవుతుంది. ఇనుప చువ్వలను కొరికి పళ్లు విరగ్గొట్టుకునే కుక్కలు ఉన్నాయి. బోనులోకి ఇష్టంగా వెళ్లి నిద్రపోయే కుక్క సంగతి వేరు. మొరిగితే షాక్ కొట్టే పట్టీలు భయానికి నొప్పిని జోడిస్తాయి కాబట్టి వాటి జోలికి పోవద్దు. తోడుగా ఇంకో కుక్కను తెస్తే తగ్గుతుందన్న ఆశ కూడా చాలావరకు నెరవేరదు, ఎందుకంటే ఈ కుక్క వెతికేది మనిషినే. రెండో కుక్క మీకు కావాలనుకుంటే తెచ్చుకోండి, మందుగా మాత్రం తేవద్దు.

మిద్దె మీద, బాల్కనీలో వదిలి వెళ్లే అలవాటు ఉంటే వెంటనే మానండి. భయంలో ఉన్న కుక్క ఎత్తును చూసుకోదు. మెడపట్టీకి మీ ఫోను నంబరు రాసిన బిళ్ల ఒకటి తగిలించండి.

నాలుగవ పని: గుమ్మం దగ్గర సాధన

కుక్క తిని, మూత్రవిసర్జన చేసి, కాసేపు నడిచి వచ్చి స్తిమితంగా ఉన్న వేళను ఎంచుకోండి. ఎండాకాలంలో పొద్దున ఆరుకు ముందు, లేదా సాయంత్రం పొద్దుగూకాక మంచిది. మధ్యాహ్నం మీరు గుమ్మం బయట ఎండలో నిలబడలేరు, వేడికి రొప్పే కుక్కను చూసి అది భయమో ఉక్కపోతో మీరు తేల్చుకోలేరు. ఫోను కెమెరా పెట్టుకోండి. చేతిలో సంచి వద్దు, తాళంచెవి వద్దు, ఇంట్లో వేసుకునే బట్టలతోనే ఉండండి.

లేచి గుమ్మం దాకా నడిచి, ఏమీ మాట్లాడకుండా వచ్చి మళ్లీ కూర్చోండి. కుక్క వెంట వస్తే రానివ్వండి, వద్దనకండి, ముద్దు చేయకండి. ఇలా ఐదారుసార్లు చేసేసరికి ఈ నడకలో విశేషం ఏమీ లేదని దానికి అర్థమై, వెంట రావడం తగ్గిస్తుంది. తర్వాత గడియ తీసి వేయండి. ఆ తర్వాత తలుపును జానెడు తెరిచి మూయండి. ఒక అడుగు బయటపెట్టి వెంటనే రండి. తలుపు మూసి, గడియ వేయకుండా, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి లోపలికి రండి. ఒక్కో మెట్టులో కుక్కకు విసుగు పుట్టేదాకా ఉండి, ఆ తర్వాతే పై మెట్టుకు వెళ్లాలి. ఆ విసుగే మనకు కావలసింది.

విసుగును, భయాన్ని వేరుచేసి చూడటం నేర్చుకోవాలి. ఒక పక్కకు ఒరిగి పడుకోవడం, గడ్డం నేలకు ఆనించడం, నిట్టూర్చడం, కళ్లు మూతలు పడటం నెమ్మదికి గుర్తులు. నిద్ర లేకుండానే ఆవలించడం, తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, చెవులు వెనక్కి అదిమి పెట్టడం, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, తలుపు మీది నుంచి చూపు తిప్పకుండా బిగుసుకుని నిలబడటం భయం మొదలవుతోందనడానికి గుర్తులు. ఏడుపు, గోకడం వీటి తర్వాతి దశ. ఏడుపు వినిపించిందంటే మీరు అప్పటికే ఆలస్యం చేశారు. ఏడుస్తున్నప్పుడు తలుపు తీస్తే ఏడుపే అలవాటవుతుందని కొందరు భయపెడతారు. భయాన్ని మనం బహుమతితో పెంచలేము. వెంటనే లోపలికి వచ్చి, ఆ రోజుకు సాధన ఆపి, మరుసటి రోజు అంతకంటే చాలా తక్కువ వ్యవధితో మొదలుపెట్టండి.

కుక్క నెమ్మదిగా ఉండగలిగిన గరిష్ఠ వ్యవధిని హద్దు అనుకుందాం. బంతి హద్దు మొదటి రోజు 4 సెకన్లు. సిగ్గుపడవలసిన అంకె కాదది, అక్కడి నుంచే మొదలుపెట్టాలని చెప్పే అంకె మాత్రమే. హద్దు 30 సెకన్లకు చేరిన కుక్కకు ఒక పూట సాధన ఇలా ఉంటుంది: గుమ్మం దాకా నడిచి రావడం, గడియ తీసి వేయడం, 3 సెకన్లు బయట, 10 సెకన్లు బయట, మళ్లీ 5 సెకన్లు, చివరికి అసలు ప్రయత్నంగా 30 సెకన్లు. ప్రతి రాకకూ పోకకూ మధ్య ఒక నిమిషం పాటు ఇంట్లో మామూలుగా కూర్చోవాలి. మొత్తం 15 నుంచి 20 నిమిషాలకు మించకూడదు, రోజుకు ఒక పూట చాలు, వారంలో ఐదు రోజులు చేసి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. మరుసటి రోజు అసలు ప్రయత్నం 35 సెకన్లు ఉండవచ్చు, ఆ తర్వాతి రోజు 20, ఆపై 40. ప్రతిరోజూ పెంచుకుంటూ పోతే, ప్రతిసారీ ముందటికంటే కష్టమే వస్తుందని కుక్క కనిపెట్టేస్తుంది. మధ్యమధ్యలో తేలిక రోజులు రావాలి.

ఇంట్లో ఉన్న అందరూ బయటికి రావాలన్నది ఇందులో ఒక తమాషా. మేము నలుగురం సాయంత్రం పూట గేటు బయట గోడవార వరుసగా నిలబడి ఒకే ఫోనులోకి చూస్తుంటే, దారిన పోయే పెద్దాయన ఒకరు ఆగి, "ఏమాయె బిడ్డా, ఇంట్ల పామేమన్న దూరిందా?" అని అడిగారు.

ప్రతి పూటా ఒక నోట్‌బుక్కులో తేదీ, వ్యవధి, కుక్క ఏం చేసింది, ఆ రోజు ప్రత్యేకంగా ఏం జరిగింది అన్నవి రాయండి. బంతి హద్దు 3 వారాలకు నిమిషంన్నర, 2 నెలలకు 12 నిమిషాలు, 4 నెలలకు 40 నిమిషాలు, 7 నెలలకు మూడున్నర గంటలు. మొదటి అరగంట దాకా నత్తనడక, ఆ తర్వాత వేగం పెరగడం మా ఇంట్లోనే కాదు, చాలా కుక్కల్లో కనిపించే తీరు. తొలి అరగంటను దాటిన కుక్క నిద్రలోకి జారడం నేర్చుకుంటుంది, నిద్రపోయిన కుక్కకు అరగంటకూ గంటకూ తేడా అంతగా తెలియదు. మీ కుక్క మా దానికంటే త్వరగానో ఆలస్యంగానో నేర్చుకోవచ్చు, అంకెలను పోల్చుకుని కుంగిపోవద్దు.

ఐదవ పని: చెప్పులు, తాళంచెవి, బండి చప్పుడు

మనం వెళ్లబోతున్నామని కుక్కకు చెప్పే సంకేతాలు మనకంటే దానికే బాగా తెలుసు. ఇస్త్రీ బట్టలు, టిఫిన్ డబ్బా మూత చప్పుడు, హెల్మెట్, తాళంచెవుల గలగల, చెప్పులు. తాళంచెవులను రోజంతా ఊరికే గలగలలాడించమని కొందరు చెబుతారు. కొన్ని కుక్కలకు అది పనిచేస్తుంది. బెదురు ఎక్కువగా ఉన్నదానికి మాత్రం రోజంతా భయపెట్టినట్లే అవుతుంది. నా అనుభవంలో మంచి పద్ధతి వేరు: ముందు ఏ సంకేతమూ లేకుండా గుమ్మం సాధనను రెండు మూడు నిమిషాల దాకా తెచ్చి, ఆపై ఒక్కొక్క సంకేతాన్నే కలపడం. కొత్త సంకేతం కలిపిన రోజు వ్యవధిని బాగా తగ్గించాలి. చెప్పులు వేసుకుని 5 సెకన్లు వెళ్లి రండి. అది మామూలైపోయాక తాళంచెవి, తర్వాత సంచి, ఆపై బయటి నుంచి నిజంగా తాళం వేయడం.

బంతికి అన్నింటికంటే గట్టి సంకేతం బండి స్టార్ట్ చేసే చప్పుడు. 9 నిమిషాలు నెమ్మదిగా ఉన్న కుక్క, బండి చప్పుడు వినగానే లేచి నిలబడేది. అందుకని కొన్నాళ్లు బండిని సందు చివరిదాకా తోసుకుంటూ వెళ్లి అక్కడ స్టార్ట్ చేశాము, ఆ తర్వాత మేము లోపల టీ తాగుతుండగానే మా అబ్బాయి బయట బండిని స్టార్ట్ చేసి ఆపేవాడు, చివరికి గేటు ముందే స్టార్ట్ చేసి పది సెకన్లకే తిరిగి వచ్చాము. ఈ ఒక్క చప్పుడుకే ఐదు వారాలు పట్టింది.

వెళ్లేటప్పుడు "పోయొస్తా" అని ఒక మాట చెప్పి వెళ్లడం తప్పేమీ కాదు, కౌగిలింతలు, బుజ్జగింపులు మాత్రం వద్దు. వచ్చాక కూడా పలకరించండి, నిదానంగా.

తిండి, నడక

నెమ్మదిగా ఉండే కుక్కకు తిండి ఆట ఉపయోగపడుతుంది. గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతుంది. ఉడికిన గుడ్డు, ఎముక లేని కోడిమాంసం, జొన్నరొట్టె తునకలను పాత తువ్వాలులో చుట్టి ఇచ్చినా ముక్కుకు పని దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. మనం ఇష్టంగా తినే సర్వపిండిలో ఉల్లి, కారం ఉంటాయి కనుక అది పెట్టవద్దు. అయితే తిండి భయానికి విరుగుడు కాదు. తిండి ఉన్నంతసేపు తిని, అయిపోగానే ఏడ్చే కుక్క మన లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. పైగా ఆ బొమ్మ బయటికి తీస్తేనే మనం వెళ్తామని అది గుర్తుపడుతుంది. అందుకే హద్దును కొలిచే సాధనలో తిండి లేకుండా చేయండి, తిండి ఆటలను మీరు ఇంట్లో ఉన్నప్పుడు ఇవ్వండి.

నడక విషయంలో ఎక్కువ చెప్పనవసరం లేదు. పొద్దున్నే అరగంట వాసన చూసుకుంటూ తిరగనివ్వండి. వడ్డేపల్లి చెరువు కట్ట మీద మనుషుల రద్దీ పెరగకముందు వెళ్తే బంతికి అదే పండుగ. నడక వల్ల ఆందోళన పోదు, విశ్రాంతి తీసుకోవడం మాత్రం తేలికవుతుంది.

మందులు ఎప్పుడు

సెకన్ల దగ్గరే వారాల తరబడి ఆగిపోయిన కుక్కకు, తనను తాను గాయపరచుకునే కుక్కకు, ఎంత ప్రయత్నించినా ఒంటరిగా వదలక తప్పని ఇళ్లలోని కుక్కకు మందు అవసరం కావచ్చు. మందు వాడటం ఓటమి కాదు. నా మాట వింటే చివరి దాకా ఆగకుండా ముందే వైద్యుడితో మాట్లాడండి. క్లోమిప్రమిన్‌కు 1998లో, ఫ్లూఆక్సెటిన్‌కు 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుక్కల ఎడబాటు ఆందోళనకు వాడేందుకు అనుమతి ఇచ్చింది. రెండింటినీ సాధనతో పాటే వాడాలి, మందు ఒక్కటే సరిపోదు. ఇవి వేసిన రోజే పనిచేసేవి కావు, పూర్తి ఫలితం కనిపించడానికి 4 నుంచి 8 వారాలు పట్టవచ్చు. మొదట్లో ఆకలి తగ్గడం, మందకొడిగా ఉండటం కనిపించవచ్చు. వైద్యుడు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపకూడదు. ఇవే మందులు మనుషులకు కూడా ఉన్నాయి కదా అని మెడికల్ షాపులో కొని, మోతాదును ఊహించి వేయడం ప్రమాదం.

మన ప్రాంతంలో తప్పక తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. పిడుదుల కోసం కుక్కలకు అమిట్రాజ్ కలిపిన నీళ్లతో స్నానం చేయించడం మన దగ్గర మామూలు. క్లోమిప్రమిన్, ఫ్లూఆక్సెటిన్ వాడుతున్న కుక్కకు అమిట్రాజ్ తగలడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు. ఆందోళనకు మందు రాసే వైద్యుడికి మీరు వాడే పిడుదుల మందు పేరును, పిడుదుల మందు ఇచ్చేవారికి ఆందోళన మందు పేరును తప్పకుండా చెప్పండి. డబ్బా మీది అక్షరాలు చదవలేకపోతే డబ్బానే వెంట తీసుకెళ్లండి.

పండుగలు, ప్రయాణాలు, వెనకడుగులు

పొరుగువారితో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. "కుక్కకు వైద్యం నడుస్తోంది, ఏడుపు వినిపిస్తే ఫోన్ చేయండి" అని చెప్పాక మా పక్కింటి వదిన ఫిర్యాదులు చేయడం మాని కాపలాదారుగా మారింది.

మూడు గంటలు ఉండగలిగిన కుక్క మళ్లీ మూడు నిమిషాలకు పడిపోవడం సాధారణంగా మూడు సందర్భాల్లో జరుగుతుంది. మొదటిది, ఇంటినిండా చుట్టాలతో గడిచిన సెలవుల తర్వాత. దసరాకో వేసవి సెలవులకో అందరూ ఇంట్లో ఉన్నప్పుడు కూడా రోజూ ఒక పది నిమిషాలు అందరూ బయటికి వెళ్లి రండి. రెండవది, ఒంటరిగా ఉన్నప్పుడు పిడుగు పడటమో, పెళ్లి బరాత్ డీజే వీధిలోకి రావడమో జరిగిన తర్వాత. దీపావళికి ముందు వారం నుంచి చీకటి పడ్డాక కుక్కను ఒంటరిగా వదలవద్దు. మూడవది, ఇల్లు మారిన తర్వాత. కొత్త ఇంట్లో పాత అంకెలు చెల్లవు, సెకన్ల నుంచే మొదలు, కాకపోతే ఈసారి వారాల్లోనే ముగుస్తుంది.

మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ రెండు మూడు రోజులు వెళ్లవలసి వస్తే, గేటుకు తాళం వేసి పక్కింటివారికి అన్నం పెట్టమని చెప్పి పోవడం ఇలాంటి కుక్కకు పనికిరాదు. మా అత్తమ్మ ఆ మూడు రోజులూ ఇంట్లో ఉండి, తిరిగి వచ్చిన మమ్మల్ని ముందుగా బంగారం (అమ్మవార్లకు మొక్కుగా ఇచ్చే బెల్లం) గురించి అడగలేదు, నోట్‌బుక్కు చేతికి అందించారు. తాను కూరగాయలకు వెళ్లి వచ్చిన రెండుసార్లూ వ్యవధి రాసిపెట్టారు, 25 నిమిషాలు ఒకసారి, 40 నిమిషాలు ఇంకోసారి; ఎదురుగా "పండుకున్నది" అని ఉంది.

వెనకడుగు పడినప్పుడు నోట్‌బుక్కు తిరగేసి, కుక్క చివరిసారి నిద్రపోయిన వ్యవధి ఏదో చూడండి. దానిలో సగంతో మొదలుపెట్టండి. అక్కడ కూడా బిగుసుకుని నిలబడితే మళ్లీ సగం చేయండి. మూడు రోజులు వరుసగా నెమ్మదిగా ఉన్నాకే పెంచండి.